పది రూపాయల శిస్తు, ఒక ఓటు

1800లో నిజాం మా బళ్లారి సీమను కుంపిణీకి ధారాదత్తం చేశాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో చేను చేనూ కొలిపించి రైతు పేరనే పట్టా రాయించాడు. శిస్తు మాత్రం తేలికేం కాదు. నూటికి 25 వంతున తగ్గించాలని 1807లో మన్రోనే పైకి రాశాడు, పైవాళ్లు వినలేదు. అయినా ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే, అంతకుముందు వసూళ్లు ఎట్లుండేవో!

మా కుడతిని ఇంట్లో తాత శిస్తు రసీదులు రేకుపెట్టెలో ఉండేవి. సర్వే నంబరు, కిస్తు మొత్తం, కింద కరణం వంకర సంతకం. తాతకు అవి ఒట్టి రసీదులు కావు. 1920 ఎన్నికల్లో మద్రాసు రాజధాని పల్లెల్లో ఏడాదికి పది రూపాయల శిస్తు పడే పట్టా ఉన్నవాడికి ఓటిచ్చారు. నల్లరేగడి పట్టాదారు ఓటరయ్యాడు. ఆ చేలోనే జొన్న కోసే కూలి కాలేదు. కూలి పన్ను కట్టలేదా? కట్టాడు, గంజిలో వేసుకునే ఉప్పు మీద. ఆ పన్నుకు ఓటు రాలేదు.

1952లో ఇద్దరూ ఒకే వరసలో నిలబడి ఓటేశారు. మరుసటేడు అక్టోబరు 1న మా తాలూకా మైసూరులో కలిసింది. ఓటు కావలసిన ఏ పార్టీ శిస్తు పెంచుతుంది? 1957లో మైసూరు తెచ్చిన వ్యవసాయ ఆదాయపు పన్ను ముఖ్యంగా కాఫీ తోటలకే తగిలింది, మా జొన్నచేల జోలికి రాలేదు. చిన్నరైతుకు అది న్యాయమే. ఆ గొడుగు కిందే పెద్ద పట్టాదారూ దూరాడు, అదే నాకు మింగుడుపడదు.

అసలు డబ్బు తర్వాత సండూరు కొండల్లోంచి వచ్చింది. హొసపేట రోడ్డు మీద రాత్రీపగలూ లారీలు, ఇళ్ల మీద ఎర్రదుమ్ము. టన్ను ఇనుప ఖనిజం వేల రూపాయలు పలికే రోజుల్లో, ఎంత మేలురకమైనా సర్కారుకు దక్కే రాయల్టీ 27 రూపాయలే. ఇది బళ్లారి ఒక్కదాని కథ కాదు. దేశ ఆదాయంలో పైనున్న నూటికొక్కరి వాటా 1980ల మొదట్లో ఆరు శాతం చిల్లర, 2022-23కు 22 శాతం దాటిందని ఆర్థికవేత్త పికెట్టీ బృందం లెక్క. ఖనిజం రాయల్టీని ధరలో పదోవంతు చేసేసరికి 2009 వచ్చింది. 2011 జూలైలో బళ్లారి గనులను సుప్రీంకోర్టు ఆపేసింది. ఓట్లేసి గెలిపించుకున్నవాళ్లు చేయాల్సిన పని అది.