ఏనుగు ఎన్ని కిలోలు?

ఇక్కడ ఫ్రిస్కోలో మా గ్యారేజీలో ఇసుక బస్తా భుజానికెత్తడం సాధన చేస్తుంటాను. బార్‌బెల్‌కి పట్టుంటుంది, బస్తా జారిపోతుంది. అది చూసి మా అబ్బాయి "మనవాళ్ళలో బలవంతులెవరు?" అన్నాడు.

మా తాతగారు చెప్పిన కోడి రామ్మూర్తి నాయుడి కథ చెప్పాను. వీరఘట్టంలో పుట్టి, సర్కస్ కంపెనీ నడిపి, ఉక్కు గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాయన. 1942లో పోయారు.

"ఏనుగు ఎన్ని కిలోలు?"

ఎవరు తూచారండీ! వాడు నమ్మలేదు. నాకు చివుక్కుమంది.

సరే, లెక్కలున్న మనిషిని చూపించాను. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. కంచు పతకం. బంగారం గెలిచినామె ఎత్తింది 242.5. మల్లీశ్వరి చివరిసారి 137.5కి ప్రయత్నించారు, నిలవలేదు.

తేడా లెక్కకట్టుకుని వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏనుగు కథ మళ్ళీ చెప్పు నాన్నా" అన్నాడు.