చెట్టును బట్టి పట్టు



పట్టుపురుగనగానే మనకు తోచునది మల్బరీ ఆకు. కాని మన దేశమున మల్బరీని ముట్టక, ఇతర వృక్షముల ఆకులు మేసి గూళ్లు కట్టు పురుగులును గలవు. వాని చరిత్రము చెట్ల చరిత్రమును, ఋతువుల చరిత్రమును గూడ.

కౌటిల్యుని అర్థశాస్త్రమున, రాజకోశములో నుంచదగిన వస్తువులను పరీక్షించు ప్రకరణమొకటి గలదు. పత్రోర్ణమను పట్టునకు నాగవృక్షము, లికుచము, పొగడ, మర్రి జన్మస్థానములని యందున్నది. నాగవృక్షపుది పసుపువన్నె, లికుచపుది గోధుమవన్నె, పొగడది తెలుపు, మర్రిది వెన్నవన్నె. వీనిలో సువర్ణకుడ్యమునుండి వచ్చునదే శ్రేష్ఠమట. ఆ సువర్ణకుడ్యము కామరూపమున, అనగా నేటి అస్సామున, నుండెనని పెక్కుర పండితుల మతము. ఆకును బట్టి పట్టు వన్నె మారునని మన పూర్వులు ఆనాడే గుర్తించిరి.

అస్సాము ముగాపట్టు పుట్టుకతోనే బంగారు వన్నె గలది. 1228 మొదలు 1826 వరకు ఆ దేశమునేలిన ఆహోమురాజులు దీని నాదరించిరి. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1676లో ప్రకటించిన యాత్రాగ్రంథమున, అచ్చట ఏడాది పొడుగునను చెట్లమీదనే యుండు పురుగులనుండి పట్టు తీయుదురని వ్రాసెను.

ముగాపురుగునకు ముఖ్యాహారము ఎగువ అస్సామున సోమ్ చెట్టు, దిగువ అస్సామున సోవాలు చెట్టు. ఆ పురుగునే మెజాంకరి చెట్టుపై పెంచినచో బంగారు వన్నె పోయి దంతపు వన్నె వచ్చును. ఒకనాడు ప్రభువులు ధరించిన ఆ పట్టు నేడు బహు అరుదు.

ఏడాదికి ముగాపంటలు ఆరు. అందు పట్టుకొరకు పెంచునవి ముఖ్యముగా రెండే: వేసవి జెఠువా, శరత్తునందలి కతియా. తక్కిన నాలుగును విత్తనము నిలుపుకొనుటకే. చలికాలపు జరువాలోను, వానకాలపు ఆహెరువాలోను పురుగులు మెండుగ చచ్చును. ఆ గడ్డు దినములలో విత్తనము దక్కించుకొనలేని వానికి ముందు పట్టుపంట లేదు. ఒక చెట్టున ఆకు అయిపోగా పురుగులు మ్రానుమీదుగా దిగివచ్చును. వానిని వెదురుతట్ట కెక్కించి మరియొక చెట్టునకు తగిలింతురు. రెండవ చెట్టు లేనిచో పంట అంతటితో సరి.

అస్సాములోనే ఇండ్లలో పెంచు ఎరిపురుగునకు ఆముదపు ఆకు ప్రధానము. అది చాలనప్పుడు కెస్సెరు అను చెట్టు ఆకు వేయుదురు. కరవున పశువులకు రావిరెమ్మలు నరకివేయు మన రైతునకు ఈ యుపాయము వింతగాదు. ఎరిగూడు ఒకవైపు తెరచియుండును. రెక్కల పురుగు వెడలిపోయిన పిమ్మట ఆ గూటిని దూదివలె వడకుదురు.

తెలుగునాటను ఇట్టి వృత్తి యున్నది. గోదావరి యొడ్డున మహాదేవపుర ప్రాంతమున మద్దిచెట్లపై దసలి పురుగులను పెంచుదురు. వానలతో ఆకు చిగిర్చినప్పుడు పంట యారంభమగును. కాకులు, చీమలు తినకుండ కుటుంబమంతయు అడవిలో కావలి యుండును.

2007లో ముగాపట్టునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అది పట్టు పేరును కాపాడును గాని చెట్టును కాపాడదు. కలపకై ఒక మద్దిని కొట్టునప్పుడు, దానిపై ఎవరి యింటి పంట యున్నదో యని యొకసారి విచారింపుడు. దసలికాపు మీ యూరివాడే కావచ్చును.