రేగడి

భూశాస్త్ర గ్రంథాల్లో నల్లనేలకు ‘రెగుర్’ అని పేరు. అది మన రేగడే. కానీ ఊరు దాటేటప్పుడు అర్థంలో సగం రాలిపోయింది. తెలుగులో రేగడి అంటే ముందు జిగట. అందుకే రంగు విడిగా చెప్పి నల్లరేగడి అంటాం. ఎర్రరేగడి అన్నా ఎవరూ నవ్వరు. పేరు పట్టుకెళ్ళినవాళ్ళు నలుపును ఉంచుకుని జిగటను వదిలేశారు.

ఉక్కు ఊరు భిలాయి చుట్టూ రైతులు ఇలాంటి నేలను కన్హార్ అంటారు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో నేలకు నాలుగు పేర్లు: కన్హార్, డోర్సా, మటాసీ, భాటా. భాటా దాదాపు మన మొరం నేల. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఆ ఉక్కు ఊళ్ళో స్థిరపడ్డ తెలుగువాళ్ళకు కన్హార్‌ని రేగడి అనుకోవడం కష్టం కాదు.

సారె వాడకుండా మట్టితాళ్ళు చుట్టి, పలకలు అతికి, కొండల్నీ రాతిపొరల్నీ బొమ్మకట్టేవాళ్ళకు ఈ జిగటే చుట్టం, జిగటే శత్రువు. తడి మట్టి చెప్పినట్టు వంగుతుంది. పీల్చుకున్న నీరంతా ఆరేసరికి కుంచించుకుపోయి, వేసవి చేనులాగే నెర్రెలిస్తుంది. కుమ్మరి ఇసుకో బూడిదో ఊకో కలిపి ఆ నెర్రెను ఆపుతాడు. నేలనే చూపించాలనుకునే కళాకారుడికి మాత్రం నెర్రె కావాలి. అయితే బొమ్మ దానంతటది పగిలితే దాన్ని శైలి అనడం నాకు నచ్చదు; ఏ మేర ఇసుక తగ్గిస్తే గీత ఎక్కడ పడుతుందో తెలిసి పగలనివ్వాలి.

సున్నం సంగతి ఇంకా చిత్రం. భిలాయి దగ్గరి నందిని గనుల సున్నపురాయి అక్కడి ఫర్నేస్‌లో ముడి ఖనిజంలోని ఇసుకను, మలినాలను పట్టుకుని చిట్టెంగా తేలుతుంది. అదే సున్నం నల్లమట్టిలో చిన్న గులకగా దాగి బొమ్మతోపాటు కాలిందా, కొన్నాళ్ళకు గాలిలో తేమ పీల్చి ఉబ్బి, పైపొరను చిల్లుపెట్టి ఊడగొడుతుంది. ఆవంలో గెలిచిన బొమ్మ అలమరలో ఓడిపోతుంది. అందుకే మట్టిని నానబెట్టి జల్లెడపట్టాలి. దల్లీ రాజహరా ఇనుపగనుల ఎర్రరాతిపొడిని పలచగా కలిపి పూస్తే ఇనుము రంగు వేరే కొనక్కర్లేదు.

ఇక మంట. గాలి బాగా ఆడే ఆవంలో నల్లరేగడి తన నలుపును పోగొట్టుకుంటుంది. లోపలి ఇనుము ఇటుకరంగై బయటికొస్తుంది. గాలి తగ్గించి పొగపట్టిస్తే మళ్ళీ నల్లబడుతుంది గానీ అది పొగ నలుపు. జిగట మాత్రం నీళ్ళలో ఎంత నానబెట్టినా తిరిగిరాదు. అప్పుడిక దాన్ని రేగడి అనం, పెంకు అంటాం.