కట్టుకీ బిళ్ళకీ ఎంత దూరం?

ప్రభుత్వ వైద్యం గురించి మాట్లాడితే మన చర్చ ఎప్పుడూ గుండె ఆపరేషన్ల దగ్గరే ఆగిపోతుంది. కానీ పాత కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో జనానికి రోజూ కావలసినవి చాలా చిన్నవి. బేతంచెర్ల నాపరాళ్ళ గనిలో కాలి మీద రాయి పడితే ఓ కట్టు, తేలు కుడితే సూది, నెలనెలా బీపీకీ షుగరుకీ బిళ్ళలు. ఇవి ఊరి దగ్గరే దొరకాలన్న ఆలోచన ఇప్పటిది కాదు, దాని వయసు వందేళ్ళు.

1924లోనే మద్రాసు ప్రభుత్వం పల్లెల్లో ప్రాక్టీసు పెట్టే డాక్టర్లకి కొంత సొమ్మిచ్చే పథకం తెచ్చింది. అప్పటికే జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళ క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. ఆ తర్వాత 1946లో భోర్ కమిటీ తన రిపోర్టులో ముందుగా 40,000 మందికో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టమంది. 1952 నుంచి బ్లాకుకొకటి చొప్పున మొదలుపెట్టారు. బ్లాకు జనాభా మాత్రం కమిటీ చెప్పిన లెక్కకంటే చాలా ఎక్కువ!

1980లకొచ్చేసరికి కొత్త లెక్క వచ్చింది. 5,000 మందికి సబ్‌సెంటరు, 30,000 మందికి పీహెచ్‌సీ, 1,20,000 మందికి నలుగురు స్పెషలిస్టులతో 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం, అదే సీహెచ్‌సీ. కొండ, గిరిజన ప్రాంతాలకైతే పీహెచ్‌సీకి 20,000, సీహెచ్‌సీకి 80,000 చాలన్నారు.

సీమకి దెబ్బ పడింది ఇక్కడే. లెక్క కట్టింది తలలతో, కిలోమీటర్లతో కాదు. కోనసీమలో 30,000 మంది పక్కపక్క ఊళ్ళలోనే ఉంటారు. ఆలూరు, పత్తికొండ వైపు ఊరు దాటితే మళ్ళీ ఊరు ఎక్కడో. విడిపోకముందు కర్నూలు జిల్లా 17,658 చదరపు కిలోమీటర్లు. నల్లమలకి దొరికిన సడలింపు దాని పక్కనే ఉన్న మెట్టనేలకి దొరకలేదు.

వైఎస్ రాజశేఖరరెడ్డి చదువయ్యాక కొన్నాళ్ళు డాక్టరుగా పనిచేసింది ఆ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనే. 1973లో పులివెందులలో తండ్రి పేరు మీద 70 పడకల ఆసుపత్రి పెట్టారు. ముఖ్యమంత్రి అయ్యాక 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ, 2008లో 104 బండ్లు వచ్చాయి. మొదటి రెండిటికీ వచ్చిన పేరు మూడోదానికి రాలేదు. పార్టీల గోల పక్కన పెట్టి చూస్తే, సీమకి సరిగ్గా సరిపోయే ఆలోచన ఆ మూడోదే అంటాను నేను. పీహెచ్‌సీకి 3 కిలోమీటర్లు దాటిన ఊళ్ళకి నెలకోసారి బండి వచ్చి గర్భిణులను చూసి, బీపీ, షుగరు, మూర్ఛ మందులు ఇవ్వడం. మొదటిసారి లెక్కలోకి దూరం వచ్చింది!

కానీ నెలకి ఒక్కరోజే. ఆ రోజుకి కోసిగి కూలీలు గుంటూరు మిరపకోతలకి సుగ్గికి పోయుంటే ఆ నెల మందు పోయినట్టే. ఇక దెబ్బలంటారా, అవి బండి వచ్చే తారీఖు చూసుకుని తగలవు కదా. ఆ ఖాళీలోనే ఊరూరా ఆర్‌ఎంపీలు నిలదొక్కుకున్నారు. ఊళ్ళోనే క్లినిక్, అందులో నర్సింగ్ చదివినవాళ్ళు, పీహెచ్‌సీ డాక్టరు ఫలానా రోజుల్లో రావడం అనే ఏర్పాటుతో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలయ్యేసరికి 2023 అయింది.

మనమేదో వేరే లోకంలో ఉన్నామనుకోకండి. మన కంపెనీ ఇన్సూరెన్సుదీ ఇదే వరస. అమ్మానాన్నలు ఆసుపత్రిలో 24 గంటలు పడుకుంటేనే చాలా పాలసీలు డబ్బిస్తాయి. నెలనెలా బిళ్ళలకి ఇవ్వవు. సర్వర్ కూలిపోతే లక్షలు, మెయింటెనెన్సుకి మాత్రం సున్నా. ఇలాంటి ప్రాజెక్టు ప్లాన్ ఆఫీసులో ఎవరైనా తెస్తే ఒప్పుకుంటామా?

అందుకే ఈసారి ఊరెళ్ళినప్పుడు మన ప్రజాప్రతినిధిని కొత్త పెద్దాసుపత్రి ఎప్పుడొస్తుందని అడక్కండి. మన సీహెచ్‌సీలో ఉండాల్సిన నలుగురు స్పెషలిస్టుల్లో ఎంతమంది ఉన్నారు, షుగరు బిళ్ళలు నెల మొత్తానికీ ఇస్తున్నారా లేదా అని అడగండి. అక్కడ ఉండేది మన అమ్మానాన్నలే.