పసుపు తరఫున ఉర్దూ గవాహీ

1997 ఆగస్టులో అమెరికా పేటెంట్ ఆఫీసులో ఒక ముకద్దమా ఫైసలా అయింది. గెలిచింది మన వంటింటి పసుపు. దాని తరఫున కాగితాలు పెట్టింది మన దేశపు సీఎస్‌ఐఆర్. ఆ కాగితాల్లో సంస్కృతం ఉంది, హిందీ ఉంది, ఉర్దూ కూడా ఉంది. ఈ కథను తెలుగు పేపర్లు రాసినప్పుడల్లా ఆయుర్వేదం గెలిచిందని రాశాయి. అది నిజమే, కానీ ఆధా నిజం. మిగతా సగం మన పిల్లలకు చెప్పాల్సిన బాధ్యత మనదే. ఉర్దూ మీడియంలో చదువుకుని, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగులో రాసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆ పని నేను చేస్తాను.

ముందు పేరు సంగతి. ఇవాళ మెడికల్ షాపులో, ఆన్‌లైన్‌లో సీసాల మీద కనిపించే మాట కర్క్యుమిన్. పసుపుకు పసుపురంగు ఇచ్చే పదార్థం అదే. ఇంగ్లీషు మాటలా వినిపిస్తుంది గానీ దాని వేరు అరబీలో ఉంది. అరబీలో కుర్కుమ్ అంటే మొదట జాఫ్రాన్, అంటే కుంకుమపువ్వు. హిందుస్తాన్ నుంచి వెళ్లిన పసుపు కొమ్ము కూడా అదే రంగు ఇస్తుంది, ధర మాత్రం చాలా తక్కువ. దాంతో పేరు దానికీ అతుక్కుంది. 1753లో లిన్నేయస్ మొక్కలకు లాటిన్ పేర్లు పెడుతూ దీన్ని కుర్కుమా లాంగా అన్నాడు. 1815లో ఫ్రాన్స్‌లో వోగెల్, పెల్తియే అనే ఇద్దరు కొమ్ములోంచి ఆ పచ్చ పదార్థాన్ని వేరుచేసి కర్క్యుమిన్ అని పిలిచారు. ఐదేళ్ల తర్వాత మలేరియా మందు క్వినైన్‌ను వేరుచేసిన ఇద్దరిలో ఒకడు ఈ పెల్తియేనే. ఫార్సీవాళ్లు పసుపును జర్ద్‌చోబ్ అన్నారు, పచ్చ కర్ర అని. అరబీ తిబ్ కితాబుల్లో ఉరూఖుస్సుఫ్ర్ అన్న పేరూ కనిపిస్తుంది, పచ్చని వేర్లు అని.

తెలుగు మరీ సూటిగా పోయింది. కొమ్ము పేరూ పసుపే, రంగు పేరూ పసుపే. ఉర్దూలో రంగుకు జర్ద్, పీలా అని వేరే మాటలున్నాయి. తెలుగులో మాత్రం ఆ రంగును పసుపు అన్నప్పుడల్లా ఆ దుంపనే తలచుకున్నట్టు.

రంగుగా పసుపు మొదటి నుంచీ గరీబుల రంగు. జాఫ్రాన్ నవాబులకు, హల్దీ అందరికీ. బట్టను పసుపు నీళ్లలో ముంచితే చాలు, రంగు పట్టేస్తుంది. పటిక వేస్తే ఇంకొంచెం గట్టిగా పడుతుంది. "హల్దీ లగే న ఫిట్కరీ, రంగ్ చోఖా ఆయే" అని మన పెద్దలు అనే మసల్ అక్కడిదే. పసుపూ పటికా ఖర్చు కాకుండానే రంగు అదిరిపోవాలనుకునేవాడి మీద విసిరే మాట అది. ఆ మసల్ వాడే మనలో చాలామందికి అది రంగ్‌రేజుల దుకాణంలోంచి వచ్చిన మాటని తెలీదు. పసుపు రంగుకు ఒక ఐబు ఉంది. ఎండకు నిలవదు. నాలుగు రోజులు ఆరేస్తే వెలిసిపోతుంది. సున్నం తగిలితే ఎర్రబడుతుంది. కుంకుమ తయారీ వెనక ఉన్న కిటుకు ఇదే. పసుపు మరకను సబ్బుతో రుద్దితే ఎర్రగా మారేది కూడా ఇందుకే. పాత రసాయన ప్రయోగశాలల్లో పసుపు రాసిన కాగితంతో క్షారాన్ని కనిపెట్టేవారు.

వెలిసిపోయే రంగైనా మన షాదీల్లో దాని జాగా దానికుంది. మాంజే రోజు దుల్హన్‌కు పచ్చ జోడా, ఒంటికి హల్దీ. కూతురి పెళ్లి చేయడాన్ని ఉర్దూలో "హాథ్ పీలే కర్నా" అంటారు. ఇది రస్మా, సున్నతా అని ఇళ్లలో బహస్ నడుస్తూనే ఉంటుంది. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి.) ఒంటిమీద పచ్చని జాడ చూసి హుజూర్ (స.అ.స.) ఏమిటని అడిగారని, నికాహ్ అయిందని చెబితే బర్కత్ దుఆ ఇచ్చి ఒక్క మేకతోనైనా వలీమా చేయమన్నారని హదీసుల్లో ఉంది. ఆ పచ్చదనం జాఫ్రాన్ కలిసిన ఖుష్బూదని ఉలమా వివరించారు, మన హల్దీది కాదు. ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. ఒక రంగు, రెండు వస్తువులు, పేర్లు కలిసిపోయిన తారీఖ్ ఎంత పాతదో చూపించడానికే ఈ మాట.

ఇక దవా సంగతి. యూనానీ హకీములు పసుపును గరం-ఖుష్క్ మిజాజ్ ఉన్న దవా అన్నారు. దెబ్బ వాపుకు లేపం, గాయానికి పొడి, దగ్గుకు పాలలో. ఇవి మన దాదీ నానీలు ఏ కితాబూ చూడకుండా చేసినవే. హకీముల గొప్పతనం ఏమిటంటే దాన్ని రాసిపెట్టారు. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిషోర్ పెట్టిన ప్రెస్సు ఫార్సీ, ఉర్దూ తిబ్ కితాబులను అచ్చేసి దేశమంతా పంపింది. మున్షీజీ ముసల్మాన్ కాదు, అయినా ఖురాన్ షరీఫ్‌నూ అదబ్‌తో అచ్చేసినవాడు. మన దక్కన్‌లో ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్ పక్కనే యూనానీ దవాఖానా కట్టించాడు. అది ఇవాళ్టికీ నడుస్తోంది. 1918లో మొదలైన ఉస్మానియా జామియాలో డాక్టరీ చదువు కూడా ఉర్దూలోనే సాగింది. దానికి కావాల్సిన కితాబులు దారుత్తర్జుమాలో తయారయ్యాయి. ఉర్దూ అంటే షాయరీ ఒక్కటే అనుకునే మన పిల్లలకు ఇది కొత్తగా ఉంటుంది. ఉర్దూ ఒకప్పుడు ఇల్మ్ జబాన్, దవా జబాన్.

ఇప్పుడు ముకద్దమాకు వద్దాం. 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంటు దక్కింది. దాని నంబరు 54,01,504. పసుపు పొడిని గాయం మాన్పడానికి వాడటం ఆ పేటెంటు విషయం. దరఖాస్తు పెట్టిన ఇద్దరు పరిశోధకులూ మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. అంటే దెబ్బ తగిలితే మన అమ్మీ అద్దే పసుపు కాగితం మీద ఇంకొకరి ఈజాద్ అయిపోయింది.

అప్పుడు సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్ రఘునాథ్ మషేల్కర్. పోరాడదామన్నారాయన. 1996 అక్టోబరులో ఆ పేటెంటును తిరిగి పరీక్షించమని అర్జీ పెట్టారు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఒక పని ఇంకో దేశంలో ఎన్ని వందల ఏళ్లుగా నడుస్తున్నా, ఆ నడవడం లెక్కలోకి రాదు. అచ్చులో ఉంటే వస్తుంది. అమెరికాలో ఎవరైనా వాడి ఉంటే నోటి గవాహీ చెల్లుతుంది, ఇక్కడ మన దాదీ వాడితే చెల్లదు. కోట్ల మంది ఆడవాళ్ల చేతుల్లో ఉన్న ఇల్మ్ ఒక్క ముద్రిత పేజీతో సమానం కాదు. ఈ ఇన్సాఫ్ మనకు నచ్చకపోవచ్చు, కానీ ఆట ఆ రూల్‌తోనే ఆడాలి.

అందుకని సీఎస్‌ఐఆర్ వాళ్లు పేజీలు వెతికారు. మొత్తం 32 ఆధారాలు పెట్టారు. అందులో కొన్ని వందేళ్లు దాటినవి, సంస్కృతం, ఉర్దూ, హిందీల్లో ఉన్నవి. 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా పెట్టారు. అవతలి పక్షం ఊరికే ఒప్పుకోలేదు. మీ కితాబుల్లో ఉన్నది ముద్ద, మేం అడిగేది పొడి, రెండింటినీ ఒళ్లు ఒకేలా పీల్చుకోదు అని వాదించింది. పేటెంటు ఆఫీసు ఆ దలీల్‌ను తోసిపుచ్చి, ఇందులో కొత్తదేమీ లేదని చెప్పింది. 1997 ఆగస్టులో ఆ ఫైసలా వచ్చింది, 1998 ఏప్రిల్‌లో కాగితం మీద పక్కా అయింది. మూడో ప్రపంచ దేశం తన సంప్రదాయ జ్ఞానం కోసం అమెరికా పేటెంటును కొట్టించడం అదే మొదటిసారని అప్పట్లో పత్రికలు రాశాయి.

ఆ 32లో ఉర్దూ పేజీని ఏ ప్రెస్సులో, ఏ కాతిబ్ రాసిచ్చాడో ఒకసారి ఊహించండి. వందేళ్ల తర్వాత సముందర్ అవతల తన ఖత్ గవాహీకి నిలబడుతుందని ఆయనకు ఖయాల్ కూడా వచ్చి ఉండదు.

ఈ అనుభవంతోనే 2001లో ప్రభుత్వం సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీని మొదలుపెట్టింది. ఆయుర్వేదం, యూనానీ, సిద్ధ కితాబుల్లోని నుస్ఖాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి విదేశీ పేటెంటు ఆఫీసులకు చూపిస్తారు. ఆ పనికి అరబీ, ఫార్సీ, ఉర్దూ చదివి తిబ్ అర్థం చేసుకోగలిగినవాళ్లు కావాలి. అచ్చుపడ్డ పేజీ ఉంటే సరిపోదు, దాన్ని చదివేవాడూ ఉండాలి.

పేటెంటు పోయింది గానీ వ్యాపారం ఆగలేదు. ఇప్పుడది క్యాప్సూల్ రూపంలో వచ్చింది. మామూలు పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతం. మేఘాలయ లకడాంగ్ పసుపులో ఏడు దాకా ఉంటుంది. ఆ కొద్ది పదార్థాన్నీ పిండి, గుళికల్లో నింపి కీళ్లకు, షుగర్‌కు, మతిమరుపుకు అన్నింటికీ షిఫా అని అమ్ముతున్నారు. కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మిరియాల్లోని పైపరిన్ కలిపి ఇస్తే మనుషుల్లో దాని మోతాదు 20 రెట్లు పెరిగిందని చూపించారు. అప్పటి నుంచి సీసాల మీద మిరియం బొమ్మ కూడా చేరింది. అదే పైపరిన్ మనం వేసుకునే వేరే మందుల లెక్కనూ మార్చగలదు. 2017లో ఒక అమెరికా రసాయన శాస్త్ర పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష, కర్క్యుమిన్ మీద అప్పటిదాకా జరిగిన కట్టుదిట్టమైన పరీక్షల్లో ఒక్కటీ దాన్ని మందుగా నిలబెట్టలేదని తేల్చింది. 2019లో ఇటలీలో పసుపు గుళికలు వాడినవాళ్లలో కాలేయం వాపు కేసులు బయటపడ్డాయి. సాలన్‌లో వేసే చెంచాడు పసుపుకు ఈ ఖౌఫ్ అక్కర్లేదు. రోజూ గుళిక మింగే అబ్బా ఇంట్లో ఉంటే మాత్రం, ఆయన షుగర్, బీపీ, రక్తం పలచబడే మందుల చీటీతో పాటు ఆ సీసాను కూడా డాక్టరుకు చూపించండి. పాత హకీం కూడా ముందు నబ్జ్ చూసేవాడు, మిజాజ్ అడిగేవాడు, తర్వాతే నుస్ఖా రాసేవాడు. అందరికీ ఒకే గుళిక అనడం తిబ్ కాదు. దాన్ని తిబ్ పేరుతో అమ్మితే మన బుజుర్గుల పరువు తీయడమే.

రంగు మీద మనకున్న భరోసాకు కూడా ఒక ఇంతెహాన్ ఎదురైంది. బంగ్లాదేశ్‌లో కొమ్ములు మిలమిలా మెరవాలని పాలిష్ పట్టేచోట సీసం ఉన్న పచ్చ రంగు, లెడ్ క్రోమేట్, కలిపేవారు. 2019లో అక్కడి బజారు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. ప్రభుత్వం దాడులు చేసి, జనానికి చెప్పి, 2021 నాటికి దాన్ని సున్నాకు తెచ్చింది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. మరీ నిగనిగలాడే పచ్చదనాన్ని చూసి మురిసిపోకండి. నమ్మకమైన చోట కొమ్ములు కొని పట్టించుకోవడం మేలు.

ఇంత మందికి దౌలత్ ఇచ్చే పంటను పండించే రైతు మన పక్కనే ఉన్నాడు. నిజామాబాద్, ఆర్మూర్, ఇటు గుంటూరు దగ్గర దుగ్గిరాల. తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి యార్డుకు తెస్తాడు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేస్తే, 170 మందికి పైగా ధర కోసం నామినేషన్ వేసిన రైతులే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఎక్కడో గుళిక మీద రాసే ధరలో వాళ్ల హిస్సా ఎంత అని అడిగే హక్కు వాళ్లకుంది.

నా ఫిక్ర్ మాత్రం మన అల్మారాల గురించి. మన ఇళ్లలో తాతల కాలపు ఉర్దూ తిబ్ కితాబులున్నాయి. చేత్తో రాసుకున్న బయాజులున్నాయి. చదివేవాళ్లు లేక అవి రద్దీ కింద పోతున్నాయి. మా ఇంట్లోనూ ఉర్దూ వినే పిల్లలున్నారు, చదివే పిల్లలు తగ్గారు. వాళ్ల తప్పేం లేదు, తెలుగు, ఇంగ్లీషు చదవడం వాళ్ల రోజీకి జరూరీ. కానీ ఆదివారం ఒక గంట అలిఫ్-బే నేర్పడానికి ఏ సర్కారు ఇజాజత్ కావాలి? ఇంట్లో అలాంటి కితాబు ఉంటే రద్దీకి వేయకండి. ముఖపత్రం, ప్రెస్సు పేరు, సంవత్సరం ఉన్న పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. హైదరాబాద్ పంజాగుట్టలో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ ఉంది, అఫ్జల్‌గంజ్‌లో పాత ఆసఫియా కుతుబ్‌ఖానా ఉంది. ఇచ్చే ముందు ఒక్కసారి మీ పిల్లల చేత ఆ పేజీలో "హల్దీ" అన్న మాట వెతికించండి. హే, లామ్, దాల్, యే. నాలుగే అక్షరాలు.