నంబరు పట్టుకుంటే ఊరు దొరుకుతుంది

1860 అక్టోబరు 12న మద్రాసు రేవు విడిచిన ట్రూరో ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. దిగినవాళ్లు 342 మంది, నేటాల్ చెరకు తోటల్లో పనికి ఒప్పుకుని వచ్చిన కూలీలు. 1911లో ఈ వలస ఆగేనాటికి అలా వెళ్లినవాళ్ల లెక్క 1,52,184. సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. వాళ్లలో గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. ఇప్పుడు వాళ్ల నాలుగో తరం, ఐదో తరం మనుమలు ముత్తాత ఊరేదని వెతుక్కుంటున్నారు.

వాళ్లకు మొదటి ఆధారం ఓడ జాబితా. ఒక్కో మనిషికి ఒక్క వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు. మోకాలి కింద మచ్చ, నుదుటిమీద పచ్చబొట్టు లాంటివి కూడా రాసుకున్నారు. ఆ మచ్చతో సర్కారుకు పనేమిటంటే, తోట నుంచి పారిపోయినవాణ్ణి పోల్చుకోవడం. ఎవరిని ఏ యజమానికి అప్పగించారో కూడా ఉండేది. నాటి కాపలా కోసం రాసిన ఆ పద్దే నేటి కుటుంబాలకు వంశవృక్షం మొదలు.

అన్నిటికన్నా విలువైనది నంబరు. ట్రూరోలో వచ్చినవాళ్లతో మొదలై ఓడ తరవాత ఓడగా పెరుగుతూ పోయిన ఆ అంకె మనిషిని వదల్లేదు. యజమాని మారినా, పెళ్లి నమోదైనా, బిడ్డ పుట్టినా, చనిపోయినా కాగితం మీద పేరు పక్కన అదే ఉండేది. ఐదేళ్ల ఒప్పందం తీరి, తిరిగి రాకుండా అక్కడే స్వేచ్ఛగా ఉండిపోదలచినవాళ్లపై 1895 చట్టం ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది. గాంధీ నడిపిన పోరాటం తరవాత 1914లో అది రద్దయింది. ఒప్పందం తీరినవాళ్లను కూడా ఇలా కాగితాలు వెంటాడుతూనే వచ్చాయి.

పేరుతో వెతికేవాళ్లకు చిక్కులు ఎక్కువ. జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. గుమాస్తా చెవికి వినబడ్డట్టు ఇంగ్లీషులో రాసిన ఒంటి పేరు, తండ్రి పేరు, అంతే. తరవాతి తరాల్లో తాత పేరో, నాయుడు, రెడ్డి అన్న పట్టమో ఇంటిపేరుగా స్థిరపడింది. అన్నదమ్ముల పిల్లలే వేరువేరు ఇంటిపేర్లతో కనబడితే ఆశ్చర్యం లేదు. కులం గడిలో ఒక్కోసారి 'జెంటూ' అని మాత్రమే ఉంటుంది. మనిషి తెలుగువాడని తేలుతుంది, అంతకుమించి తేలదు.

ఊరు వెతకడం మరో పని. చికాకోల్ అంటే నేటి శ్రీకాకుళం, కొకనాడ అంటే కాకినాడ అని పోల్చుకున్నా సరిపోదు, జిల్లాల సరిహద్దులూ మారాయి. శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది, సొంత జిల్లా అయింది 1950లో. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటులో భాగం. జాబితాలో ఆర్కాటు అని చూసి ముత్తాతను తమిళుడనుకున్న కుటుంబానికి, తాలూకా గడి కూడా చదివితేగానీ నిజం తెలియదు.

ఇక్కడే ఇంట్లోవాళ్ల జ్ఞాపకం అక్కరకొస్తుంది. మాది మద్రాసు అని నాయనమ్మ చెప్పి ఉంటే అది ఓడ ఎక్కిన రేవు కావచ్చు. కానీ ఇంట్లో ఏటా గంగమ్మకు మొక్కు చెల్లిస్తుంటే చిత్తూరు వైపు, పైడితల్లి పేరు తలుస్తుంటే విజయనగరం వైపు వెతకమన్న సూచన దొరికినట్టే. సూచన మాత్రమే, రుజువు కాదు. కాగితమూ జ్ఞాపకమూ కలిసినచోట నిజం ఉండే అవకాశం ఎక్కువ.

ఇతర వలస దేశాల్లోనూ ఇలాంటి పద్దులున్నాయి. మారిషస్‌లో మోకా దగ్గరి మహాత్మాగాంధీ సంస్థ కూలీల రిజిస్టర్లతోపాటు 1860ల నుంచి తీసిన వాళ్ల ఫొటోలనూ భద్రపరిచింది. మద్రాసు నుంచి ఫిజీకి 1903లో ఓడలు మొదలయ్యాయి. అక్కడ మనిషికో వలస పాసు ఉండేది. ఉత్తరాది నుంచి వెళ్లిన 45,439 మంది పాసులను ఒక్కొక్కటిగా పరిశీలించి చరిత్రకారుడు బ్రిజ్ లాల్ 1983లో 'గిర్మిటియాస్' ప్రచురించాడు. కూలీల కథను అంకెలతో చెప్పవచ్చని చూపిన పుస్తకం అది.

బర్మా సంగతి వేరు. కాకినాడ, భీమునిపట్నం, విశాఖ రేవుల నుంచి రంగూన్‌కు మేస్త్రీల వెంట, అప్పు చేసిన టికెట్టుతో తెలుగువాళ్లు లక్షల్లో పోయి వస్తుండేవారు. వాళ్లకు ఐదేళ్ల ఒప్పందం లేదు, మనిషికో నంబరు లేదు, ఒంటిమీద మచ్చ రాసుకున్నవాడు లేడు. 1942లో జపాను సేనల ముందు కాలినడకన పారిపోయి వచ్చినవాళ్లు కాగితాలు మూటగట్టుకుని రాలేదు.

ఒప్పందానికి కట్టుబడి వెళ్లిన మనిషి ఆచూకీ దొరుకుతుంది, కాస్త స్వేచ్ఛగా వెళ్లినవాడి ఆచూకీ దొరకదు. ఈ పద్దులు చదివేవాళ్లు మరవకూడని సంగతి ఇదే. నేటాల్ ముత్తాత వివరాలు సర్కారు గుమాస్తా తన అవసరానికి రాసిపెట్టాడు. రంగూన్ తాత కథ తెలిసినవాళ్లు ఇంట్లో ఎవరైనా మిగిలి ఉంటే, అడిగి రాసుకోవలసింది మనమే.