బోర్‌స్టల్ ఒక ఊరి పేరు

"ఏమప్పా, ఇద్దురు సచ్చిపోతే మూడొందల మాటల్లో వ్యాసం రాసి పొమ్మన్నారంట! మీ ఇంగ్లండులో అయితే ఇట్లా ఇడిసిపెడతారా?"

2024 మే నెలలో పూణే కారు ప్రమాదం వార్త చూసి బళ్ళారి నుంచి మా చిన్నాయన ఫోన్లో అడిగిన మాట ఇది. కౌల్ బజారులో నలభై ఏళ్ళు బట్టల కొట్టు నడిపిన మనిషి. పదిహేడేళ్ళ కుర్రవాడు తాగి కారు నడిపి ఇద్దరి ప్రాణాలు తీశాడని కేసు. బాల న్యాయ మండలి పెట్టిన బెయిలు షరతుల్లో ఆ వ్యాసం ఒకటి. దేశమంతా మండిపడ్డాక ఆ ఉత్తర్వు మార్చారు, అది వేరే సంగతి.

చిన్నాయన లెక్కలో తెల్లవాళ్ళ చట్టం గీత గీసినట్టు నడుస్తుంది. నేను నసిగాను. ఆయన ప్రశ్నకు ఈ దేశం రెండు వందల ఏళ్ళుగా తరానికో జవాబు చెబుతూ వచ్చింది. ఆ జవాబుల్లో చాలా భాగం మా ఇంటి దగ్గరే, ఒక గుట్ట మీదా, దాని కింది ఏట్లోనూ ఉన్నాయి.

మేముండేది లండన్‌కు తూర్పున, మెడ్వే నది ఒడ్డున, రాచెస్టర్ ఊళ్ళో. ఊరి దక్షిణపు కొసన బోర్‌స్టల్ అనే పల్లె, పల్లె పైన గుట్ట, గుట్ట మీద జైళ్ళు. మన పాత వకీళ్ళకు ఈ పేరు బాగా తెలుసు, కాకపోతే ఊరి పేరుగా కాదు. మద్రాసు ప్రభుత్వం 1926లో బోర్‌స్టల్ స్కూళ్ళ చట్టం తెచ్చింది. అప్పుడు బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ మిగిలినవి మైసూరుకూ పోయేదాకా మన కోర్టుల్లో నడిచినవి మద్రాసు చట్టాలే. అంటే బళ్ళారి బ్రూస్‌పేటలో దొంగతనం చేసి దొరికిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి మెడ్వే ఒడ్డు పల్లె పేరు పెట్టిన బడికి పంపే ఏర్పాటన్నమాట. ఇక్కడికి వచ్చిన కొత్తలో బస్సు మీద ఆ పేరు చూసి నేను నవ్వుకున్నాను. ఆ తర్వాత దాని కథ చదివాను.

కథ 1831లో మొదలుపెడతాను. ఆ ఏడాది మార్చిలో ఈ గుట్ట పక్కనున్న బ్రిడ్జ్ వుడ్స్ అడవిలో ఒక పదమూడేళ్ళ పిల్లవాణ్ణి చంపేశారు. వాడు పక్క ఊళ్ళో ఇచ్చే బీదల సాయం తొమ్మిది షిల్లింగులు తండ్రి కోసం తీసుకొస్తున్నాడు. చంపినవాడు జాన్ బెల్, వయసు పద్నాలుగు. కోర్టులో వాడి మీద సాక్ష్యం చెప్పింది పదకొండేళ్ళ తమ్ముడు. పసివాడు, పెంపకం లేనివాడు, దయ చూపండి అని జ్యూరీ అడిగింది. జడ్జి వినలేదు. శుక్రవారం విచారణ, సోమవారం, ఆగస్టు 1న, మెయిడ్‌స్టన్ జైలు బయట వేల మంది చూస్తుండగా ఉరి. శవాన్ని కోసి చూడటానికి రాచెస్టర్ డాక్టర్లకు అప్పగించారు.

అదే కాలంలో కింద ఏట్లో చాతమ్ దగ్గర యూరియాలస్ అనే ఓడ లంగరేసి ఉండేది. ట్రఫాల్గర్ యుద్ధం చూసిన ఓడ అది. 1825 నుంచి దాన్ని పిల్లల జైలుగా వాడారు. తొమ్మిదేళ్ళ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. పెద్ద ఖైదీలతో కలిస్తే చెడిపోతారని విడిగా పెట్టడం, ఆనాటికి అదే సంస్కరణ! లోపల మాత్రం బలమున్న పిల్లలు బలం లేనివాళ్ళ తిండి లాక్కునేవాళ్ళు. చిన్నప్పుడు చాతమ్‌లో పెరిగిన డికెన్స్ తర్వాత తన నవలలో ఖైదీల ఓడలను ఊరికే పెట్టలేదు.

గుట్ట మీది జైలు 1870లలో కట్టింది. చాతమ్ నౌకాశ్రయాన్ని కాపాడే కోటలు కట్టడానికి ఖైదీల కూలి కావాలి, వాళ్ళుండటానికి జైలు కావాలి. 

ఆ జైలుకు 1897 తర్వాత అదృష్టం పట్టింది. జైళ్ళ అధికారి ఎవిలిన్ రగల్స్-బ్రైజ్ అమెరికా వెళ్ళి న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్‌మైరా సంస్కరణాలయం చూసి వచ్చాడు. పదహారు నుంచి ఇరవై ఒకటి లోపు వాళ్ళను వేరు చేసి పని నేర్పి పంపాలన్నాడు. కొత్త శతాబ్దం తొలి ఏళ్ళలో ఈ గుట్ట మీద మొదలైన ప్రయోగం 1908లో చట్టమైంది. ఏడాది నుంచి మూడేళ్ళ దాకా శిక్షణ, బయటికొచ్చాక కూడా కొన్నాళ్ళు ఒకరి కంట్లో ఉండాలి. పదహారేళ్ళలోపు పిల్లలకు ఉరిశిక్ష రద్దు చేసిందీ 1908లోనే, ఇంకో చట్టం. మద్రాసుకు వచ్చేసరికి బోర్‌స్టల్ గడువు రెండు నుంచి ఐదేళ్ళయింది. వలస దేశపు పిల్లలు బాగుపడటానికి ఎక్కువ కాలం పడుతుందనుకున్నారేమో దొరలు.

ఈ వరసలో నాకు నచ్చిన మనిషి అలెగ్జాండర్ పాటర్సన్. 1922లో జైళ్ళ కమిషనరయ్యాడు. బోర్‌స్టల్‌లో పనిచేసేవాళ్ళ యూనిఫాం తీయించి మామూలు బట్టలు తొడిగించాడు. పిల్లలను హాస్టలు ఇళ్ళలాగా విడగొట్టి, ఇంటికొక మాస్టరును పెట్టాడు, ఆయనకు ప్రతి కుర్రవాడి పేరూ తెలిసుండాలి. 1930 మేలో లండన్ పక్క ఫెల్టమ్ నుంచి కొంతమంది కుర్రవాళ్ళు తమ మాస్టర్లతో కలిసి నాటింగమ్ దగ్గరి లౌడమ్ గ్రేంజ్‌కు నడిచి వెళ్ళారు, సుమారు నూట ముప్పై మైళ్ళు. సంకెళ్ళు లేవు. అక్కడ గోడల్లేని బోర్‌స్టల్‌ను వాళ్ళే కట్టుకున్నారు. జైలు చరిత్రలో పాదయాత్ర అనదగ్గది ఇది.

తర్వాత యుద్ధం వచ్చింది, మాస్టర్లు సైన్యంలోకి పోయారు. యుద్ధం అయ్యాక కుర్రవాళ్ళు పెరిగారు, మాస్టర్లు పెరగలేదు. పేరు అదే, పని మాత్రం తాళాలు వేయడం, తీయడం. బోర్‌స్టల్ అంటే నేరాలు నేర్పే బడి అని జనమే అనడం మొదలుపెట్టారు. 1982 చట్టంతో ఆ పేరును పుస్తకాల్లోంచి తీసేశారు. వేరే బోర్డు పెట్టారు.

చిన్నాయన కోరుకునే ఇంగ్లండు 1993లో వచ్చింది. లివర్‌పూల్ పక్కన బూటిల్‌లో ఇద్దరు పదేళ్ళ పిల్లలు రెండేళ్ళ జేమ్స్ బల్జర్‌ను బజారులోంచి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చంపారు. దేశం కంపించింది. ఆ పిల్లలను పెద్దవాళ్ళ కోర్టులో విచారించారు. బోనులోంచి కనబడటం లేదని వాళ్ళ కాళ్ళ కింద వేదిక ఎత్తు చేశారు. జడ్జి కనీసం ఎనిమిదేళ్ళన్నాడు, ప్రధాన న్యాయమూర్తి పదన్నాడు, ఓ పత్రిక కూపన్లు అచ్చేసి పాఠకుల సంతకాలు పోగుచేశాక హోం మంత్రి పదిహేనన్నాడు. ఆ పదిహేను కోర్టులో నిలవలేదు. ఆ విచారణే న్యాయంగా జరగలేదని 1999లో యూరప్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. 2001లో ఇద్దరూ కొత్త పేర్లతో బయటికొచ్చారు. ఒకడు మళ్ళీ ఒకటికి రెండుసార్లు జైలుకు పోయాడు, రెండోవాడి మాట వినబడలేదు. బాగుపడతారా అంటే చేతిలో ఉన్న జవాబు ఇదే.

ఆ కోపంలోంచి 1998 చట్టం వచ్చింది. పది నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాడికి తప్పని తెలిసే చేశాడని సర్కారు రుజువు చేయాలన్న పాత రక్షణ పోయింది. ఇక్కడ మన వకీళ్ళు ఒక్క క్షణం ఆగాలి. ఆ రక్షణనే ఇంగ్లండువాళ్ళు మన శిక్షాస్మృతిలో 83వ సెక్షనుగా రాసి, ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఇచ్చారు. నంబరు మారి కొత్త న్యాయ సంహితలోనూ అది ఉంది. వాళ్ళింట్లో పీకేసిన గడప మనింట్లో ఇంకా ఉంది. 2012 డిసెంబరు ఢిల్లీ అత్యాచారం, హత్య కేసులో ఒకడు మైనరని తేలాక మనం కూడా కోపంతోనే 2015 చట్టం రాసుకున్నాం. పదహారు దాటినవాడు ఘోర నేరం చేస్తే పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది ముందు బాల న్యాయ మండలి చూస్తుంది. ఒక్క కేసు కోసం రాసిన చట్టం లక్ష మంది పిల్లల మీద పడుతుంది, రెండు దేశాల్లోనూ.

మళ్ళీ గుట్ట దగ్గరికి వస్తాను. 1998లోనే దాని మీద పన్నెండేళ్ళ వాళ్ళను కూడా పెట్టే కొత్త శిక్షణ కేంద్రం తెరిచారు. నడిపే పని ప్రైవేటు సంస్థది. 2016 జనవరిలో బీబీసీ రహస్య కెమెరాతో సిబ్బంది పిల్లలను కొట్టడం చూపించింది, 2020లో అది మూతపడింది. పక్కనే కుకమ్ వుడ్, పదిహేను నుంచి పదిహేడేళ్ళ వాళ్ళ జైలు. 2023లో తనిఖీకి వెళ్ళినవాళ్ళకు 77 మంది కుర్రవాళ్ళు, మూడు వందలకు పైగా సిబ్బంది, ఆ పిల్లలు తయారుచేసుకున్న రెండు వందలకు పైగా ఆయుధాలు కనిపించాయి. కొందరు రోజంతా గదుల్లోనే. తలకు నలుగురు పెద్దవాళ్ళున్న చోట ఒక్క పిల్లవాడికీ ఒక్క పెద్దమనిషి లేడు. ఏడాది తిరిగేసరికి దాన్ని పెద్దవాళ్ళ జైలుగా మార్చేశారు.

అయినా 2008 తర్వాత ఇంగ్లండు, వేల్సుల్లో కస్టడీలో ఉన్న పిల్లలు మూడు వేలకు దగ్గర నుంచి ఐదు వందల లోపుకు పడిపోయారు. పెద్ద చట్టమేదీ లేదు. 2002లో పోలీసులకు ఏటా ఇన్ని కేసులు తేల్చాలని లక్ష్యం పెట్టారు. తేలిగ్గా దొరికేది బడి గేటు దగ్గర కొట్టుకున్న పిల్లలే కదా, వాళ్ళనే పట్టి లెక్క నింపారు. 2008లో ఆ లెక్క తీసేశారు. చిన్న తప్పుకు తల్లిదండ్రులను పిలిచి, దెబ్బతిన్నవాడి ముందు కూర్చోబెట్టి, స్టేషను గడప దగ్గరే తేల్చడం పెరిగింది. నేరాలేమీ మితిమీరలేదు. 2024లో ఆ పాత కేంద్రం స్థలంలోనే ఒక ధర్మసంస్థ 'సెక్యూర్ స్కూలు' తెరిచింది. ఇంకో బోర్డు. మాస్టర్లకు పేర్లు గుర్తుంటాయో లేదో చూడాలి.

కిందటి వేసవిలో చిన్నాయన మా ఇంటికి వచ్చాడు. ఒకరోజు బస్సెక్కించి గుట్టకు తీసుకుపోయాను. గోడ పక్కన కాలిబాట మీద నడుస్తూ ఇదంతా చెప్పాను. జాన్ బెల్ దగ్గర ఆపాడు.

"ఎంతకి సంపినాడంటివి?"

"తొమ్మిది షిల్లింగులు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు కొట్టు ముందు పెట్టిన సైకిలుకున్న డైనమో ఒక టీ కొట్టు పిల్లోడు ఊడదీశాడు. పదమూడేళ్ళుంటాయేమో. చిన్నాయనే చెవి పట్టుకుని స్టేషనుకు లాక్కుపోయాడు, నేను వెనక పరిగెత్తాను. వాణ్ణి ఎక్కడికో ఒక హోముకు పంపారు. రెండేళ్ళకు తిరిగొచ్చినప్పుడు మా వీధిలో వాడితో ఎవరూ మాట్లాడలేదు. హోస్పేట దిక్కు గనుల లారీల దగ్గర చూశామని తర్వాత ఎవరో అన్నారు.

"ఆ డైనమో ఇరవై రూపాయలుంటుండె," అన్నాడు చిన్నాయన, బస్టాపు దగ్గర బల్ల మీద కూర్చుంటూ. "వాని పేరు నీకేమన్నా గెవనం ఉందేమప్పా?"

నాకు లేదు.